నాలుగు నక్షత్రాలు, నాలుగు గ్రాములు

ఆ ఊరి పాత బజారు కూడలిలో, రాతి కమానులకు ఎదురుగా, మేడ మీద మూడు గదుల విడిది ఒకటి అద్దెకు దొరుకుతుంది. సెలవులు గడపడానికి వచ్చేవాళ్ళకు నాలుగు రోజులకో వారానికో ఇస్తారు. కిటికీ తెరిస్తే వందల ఏళ్ళ నాటి పదమూడు కమానులు, వాటి కింద కొట్లు, మధ్యలో గడియార స్తంభం, వారానికి రెండు రోజులు కిక్కిరిసే సంత. వచ్చినవాళ్ళు సగం సెలవు ఆ కిటికీ దగ్గర కుర్చీలోనే గడిపేస్తారు. మిగతా సగం ఇంటాయన రాసిపెట్టిన సూచనల పుస్తకం చదవడానికి సరిపోతుంది.

ఇంటాయన తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో ఆయన్ని చాటుగా "గ్రాముల గారు" అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకు తెలుసు. మొదట్లో అరికాలి మంట నెత్తికెక్కేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు అలా అనేవాళ్ళు కూడా తగ్గిపోయారే అని లోలోపల దిగులు పడుతున్నాడు. కిందింట్లో తనూ భార్యా ఉంటారు. పైన అద్దెకున్న బ్యాంకు గుమాస్తా కుటుంబం బదిలీ మీద వెళ్ళిపోయాక, గదుల్ని ఇలా విడిదిగా మార్చి ఇంటర్నెట్లో పెట్టింది ఆయన బావమరిది.

"ముప్ఫై మూడేళ్ళు ఊరందరికీ మార్కులు వేశారు కదా బావా, ఇక పైఊళ్ళవాళ్ళు వచ్చి మీకు వేస్తారు. ఐదు నక్షత్రాలకి ఎన్ని వస్తాయో చూద్దాం" అని నవ్వాడు బావమరిది.

"నాకు వేసేదేముందిరా, ఐదే వస్తాయి" అన్నాడు ఈయన. ఆ మాట అన్నందుకు తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్క లేదు, అన్నిటికీ లెక్క ఉండే మనిషి అయినా.

సూచనల పుస్తకం సంగతి చెప్పాలి. అది నలభై ఒక్క పేరాల గ్రంథం. మెట్లు ఇరవై రెండు, పదిహేడో మెట్టు మిగతావాటి కంటే అర అంగుళం ఎత్తు, కాలు చూసి వేయాలి. డబ్బాలో చక్కెర సరిగ్గా పావు కిలో, అయిపోతే కింద అడగాలి. గడియార స్తంభం ఆరు నిమిషాలు వెనక, దాన్ని నమ్మి రైలు ఎక్కరాదు. ముప్ఫై ఎనిమిదో పేరా మాత్రం ఎర్ర సిరాతో ఉండేది: "బస్టాండు దగ్గర పోగుల లెక్కన అమ్మే ఉల్లిపాయలు కొనవద్దు. తూకం లేని సరుకుకు పూచీ ఉండదు." అది ఎందుకు ఎర్రగా ఉందో అడిగినవాళ్ళు లేరు. అడిగితే మీసం మెలేసి చెప్పడానికి ఆయన దగ్గర పెద్ద కథే ఉండేది.

ఆ కథకు సాక్ష్యాలు విడిది ముందుగదిలో అర మీదే ఉన్నాయి. ఒకటి, టేకు పెట్టెలో వెల్వెట్ గుడ్డ మీద పరిచిన ఇత్తడి తూకపు రాళ్ళు. పేరుకే రాళ్ళు, అన్నీ ఇత్తడివే. కిలో, అరకిలో, రెండు వందల గ్రాములవి రెండు, వంద, ఇంకా కింద కింద గ్రాముల బిళ్ళలు. బజారులో వాళ్ళ రాళ్ళను వీటితో పోల్చి చూసి ముద్ర వేయడమే ఆయన ఉద్యోగం. శాఖ వాళ్ళు స్టీలు రాళ్ళు ఇచ్చినప్పుడు ఈ పాత పెట్టెను బతిమాలి జ్ఞాపకంగా తెచ్చుకున్నాడు. పక్కనే ఆ రోజుల నాటి చేతి త్రాసు. గోడకు అద్దాల చట్రంలో ప్రశంసాపత్రం: ఒకే రోజున పదకొండు మంది వర్తకుల మోసాన్ని బయటపెట్టినందుకు.

ఆ రాళ్ళను ప్రతి ఆదివారం తెల్ల పాలిష్ పేస్టుతో రుద్ది, మెత్తటి గుడ్డతో తుడిచి, వాటిలో తన ముఖం కనిపిస్తే గాని లేచేవాడు కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచీ అంతే.

"మీ రాళ్ళకి స్నానాలయ్యాయా? మీరు కూడా చేస్తే టిఫిన్ పెడతాను" అనేది భార్య.

నక్షత్రాల విషయానికొస్తే, మొదటి పద్నాలుగు మంది అతిథులూ ఐదుకు ఐదు వేశారు. పొద్దున లేవగానే కాఫీ కంటే ముందు ఫోను. ముప్ఫై మూడేళ్ళు తను వస్తుంటే కొట్లవాళ్ళు ఎలా గుటకలు మింగేవాళ్ళో, ఇప్పుడు ఫోను తెరుస్తుంటే తనూ అలాగే మింగుతున్నాడు. ఇది ఆయనే భార్యకు చెప్పి నవ్వుకున్న మాట.

పదిహేనో అతిథిగా ఒక బేకరీ నడిపే అమ్మాయి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. ఐదు రోజులు విశ్రాంతి కోసమని వచ్చి, సంచిలోంచి మొదట తీసింది చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు.

"ఇది లేకుండా ఎక్కడికీ వెళ్ళనంకుల్. నేను ఉప్పు కూడా తూచే వేస్తాను" అంది.

గ్రాముల గారికి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. కిందకు దిగి భార్యతో "మనిషంటే ఆ పిల్ల" అన్నాడు. ఐదు రోజులూ చక్కెర డబ్బా తనే నింపాడు. వెళ్ళేటప్పుడు సంచి మోసుకెళ్ళి బస్సెక్కించి వచ్చాడు. ఐదు నక్షత్రాలూ కాక, వీలైతే ఆరోది కూడా వేస్తుందని ఆశ.

మర్నాడు పొద్దున చూస్తే నాలుగే ఉన్నాయి.

"గదులు శుభ్రం. కిటికీ అద్భుతం. ఇంటివాళ్ళు చాలా మంచివాళ్ళు. అయితే అర మీద ఉన్న ఇత్తడి కిలో రాయి నా త్రాసు మీద 1004 గ్రాములు తూగింది. మూడుసార్లు చూశాను. సూచనల్లో బస్టాండు దగ్గర ఉల్లిపాయలు కొనవద్దని ఉంది, నేను కొన్నాను. అక్కడ అమ్మే ఆమె పోగు కిలో ఉంటుందని చెప్పింది. మూడు పోగులూ కిలో దాటే ఉన్నాయి. ఇంటాయన ఈ రెండు విషయాలూ ఒకసారి చూసుకుంటే బాగుంటుంది."

చదివి ఆయన కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"చూశావా! నా రాయిలో తేడా అట! ఆ బ్యాటరీ డబ్బాకి ఏం తెలుసు తూకమంటే? నా కిలో రాయితో ఈ ఊళ్ళో ముద్ర పడని ఇనుము లేదు!"

"ఊరికే అరవడం ఎందుకు? మీ దగ్గర త్రాసుంది, రాళ్ళున్నాయి. తూచి చూడండి" అంది భార్య. బీరకాయ చెక్కు తీస్తూ, తలెత్తకుండానే అంది.

"దేంతో తూచను? కిలోకి కిలో కావాలి కదా."

"అరకిలో, రెండు రెండు వందలు, ఒక వంద. కలిపితే ఎంతండీ?"

ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళాడు. పదిహేడో మెట్టు దగ్గర కాలు తగిలింది, తను రాసిన సూచన తనే మర్చిపోయి. త్రాసు తీసి, ఒక పళ్ళెంలో కిలో రాయి పెట్టాడు, రెండో దాంట్లో మిగతావి నాలుగూ పేర్చాడు. ఎత్తి పట్టుకున్నాడు. కిలో రాయి ఉన్న పళ్ళెం నెమ్మదిగా, మర్యాదగా, కిందకు దిగి అక్కడే ఆగింది. గ్రాము బిళ్ళ ఒకటి అవతలి పళ్ళెంలో వేశాడు. ఇంకోటి వేశాడు. నాలుగో గ్రాముకు త్రాసు ముల్లు నిటారుగా నిలబడింది.

ఊళ్ళో ప్రతివాడి రాయినీ తన రాయితో పోల్చి చూసిన మనిషి, తన పెట్టెలో రాళ్ళను ఒకదానితో ఒకటి ముప్ఫై మూడేళ్ళలో ఒక్కసారి కూడా పోల్చి చూడలేదు. ఆ అవసరం ఉంటుందని తోచలేదు.

రాయిని తిరగేశాడు. అడుగున బొటనవేలు పట్టేంత గుంట ఉండాలి. అది లేదు. ఉండాల్సిన చోట తెల్లగా, గట్టిగా, అంచుల దాకా సమంగా ఏదో నిండిపోయి ఉంది. గోటితో గీకితే రాలేదు. కిందనుంచి భార్య జడపిన్ను తెచ్చి గుచ్చాడు. పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కాగితం మీద పడింది. వాసన చూశాడు. పాలిష్ పేస్టు. ఆదివారం ఆదివారం తను ముద్దుగా రుద్దిన పేస్టు గుంటలోకి చేరి, ఎండి, రాయితో పాటు రాయై కూర్చుంది.

గుంట శుభ్రం చేసి మళ్ళీ తూచాడు. ముల్లు చక్కగా మధ్యకు వచ్చి నిలిచింది. ఆ క్షణంలో ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు తల కొట్టేసినట్టవుతుంది. చిన్నపిల్లాడిలా చంకలు గుద్దుకున్నాడు. "నా రాయి తప్పు కాదే! పేస్టుదే తప్పు!" అని కిటికీలోంచి కిందున్న భార్యకు వినపడేలా అరిచాడు. ఆ నక్షత్రం వెనక్కి ఇప్పించుకోవడానికి బేకరీ అమ్మాయికి ఏం రాయాలో కూడా మనసులో మొదలుపెట్టాడు.

తర్వాత, కిటికీలోంచి ఎదురుగా మూడో కమాను కనిపించింది.

ఇరవై ఏడేళ్ళ కిందట, ముద్రలు వేసే రోజు. కమానుల కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరే తమ రాళ్ళు తెచ్చి బల్ల మీద పెడుతున్నారు. మొదటి కిలో రాయి నాలుగు గ్రాములు తక్కువ. రెండోది నాలుగు గ్రాములు తక్కువ. మూడోది కూడా అంతే. పదకొండు రాళ్ళు, పదకొండూ నాలుగేసి గ్రాములు తక్కువ. బుర్ర ఉన్నవాడెవడైనా అక్కడ ఆగి తన రాయి తిరగేసి చూసేవాడు. ఈయన మాత్రం "అందరూ కుమ్మక్కయ్యారు" అని కనిపెట్టాడు. పైఅధికారికి "వ్యవస్థీకృత మోసం" అని నివేదిక రాశాడు. ప్రశంసాపత్రం వచ్చింది ఆ మాటకే.

రాళ్ళను ఏటా పెద్దాఫీసుకు తీసుకెళ్ళి, అడుగు గుంటతో సహా శుభ్రం చేయించి, సరిచూయించుకోవాలని నిబంధన. అంతకు ముందు రెండేళ్ళుగా తీసుకెళ్ళలేదు. అక్కడివాళ్ళు చేతులు కడుక్కోకుండా పట్టుకుంటారు, వేలిముద్రలు పడతాయి, మెరుపు పోతుంది. అందుకని ఇంట్లోనే బల్ల దగ్గర కూర్చుని "సరిచూడబడినది" అని తనే రాసి సంతకం పెట్టాడు. ఆ రెండేళ్ళలోనే గుంట అంచుల దాకా నిండి, ఇక పేస్టు పట్టే చోటు లేకపోయింది. ఆ తర్వాతి ఏడాది స్టీలు రాళ్ళు వచ్చాయి, తూస్తే బజారంతా సవ్యంగా ఉంది. తన దెబ్బకు అందరూ దారికొచ్చారని అనుకుని ఆ సంగతి ఎందరికో చెప్పుకున్నాడు.

ఆ రోజు పది మంది తలలు వంచుకుని "పొరపాటైంది సార్" అన్నారు. ఎవరి భుజాలు వాళ్ళు తడుముకోవడానికి ఎవరి కారణాలు వాళ్ళకు ఉన్నాయి. పదకొండోది మూడో కమాను కింద ఉల్లిపాయలు అమ్మే ఆమె. అప్పటికి ముప్ఫై ఏళ్ళుంటాయి.

"నా రాయి సరైనదే. మీ రాయి చూసుకోండి" అంది, బల్ల మీద చెయ్యేసి.

చుట్టూ ఉన్న జనం నవ్వారు. ఈయనకు ఒళ్ళు మండింది. ఇన్‌స్పెక్టరు రాయిని చూసుకోమనడమా! ఆమె రాయి మీద సుత్తితో ఇంటూ గుర్తు గుద్ది, మిగతా పది మందికీ మామూలుగా చెప్పిన మాటను ఈమెకు మాత్రం లేచి నిలబడి, సంతంతా వినపడేలా చెప్పాడు: "నాలుగు గ్రాములు తక్కువ! చెల్లదు!" తన గొంతు అంత పెద్దదని ఆ రోజే ఆయనకూ తెలిసింది. పై వారం నుంచి ఆమె కమాను కింద లేదు. బస్టాండు దగ్గర గోనెపట్టా పరిచి, త్రాసు లేకుండా, పోగులు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. అటుగా వెళ్ళినప్పుడు చూసి "దొరికిపోయినవాళ్ళు త్రాసు మానేస్తారు" అని ఇంట్లో వ్యాఖ్యానించాడు కూడా.

ఇప్పుడు కాగితం మీద నాలుగు గ్రాముల తెల్లపొడి ఉంది. ఆయన చాలాసేపు కిటికీ దగ్గర కుర్చీలోనే కూర్చుండిపోయాడు. అతిథులు ఎందుకు ఇక్కడ కూర్చుంటారో గాని, తనకు మాత్రం లేచే శక్తి లేక కూర్చున్నాడు. సిగ్గేసింది. సిగ్గు అన్నది చిన్న మాట, కానీ అదే వేసింది.

మూడు రోజులు ఆయన పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. మొదట, ముప్ఫై ఎనిమిదో పేరా చించేశాడు. కాస్త తేలికైనట్టనిపించింది, కాఫీ తాగేలోపు ఆ తేలిక పోయింది. తర్వాత ఆమెకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాడు. "పై విషయమై తెలియజేయునది ఏమనగా" అని మొదలైంది. భార్య భుజం మీంచి చదివి పగలబడి నవ్వింది.

"ఎన్ని కాపీలు తీయిస్తారు? ఒకటి ఆఫీసుకి, ఒకటి ఫైలుకి?"

"మరి ఏం చెయ్యమంటావ్? ఇన్నేళ్ళ తర్వాత ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? ఆమెకసలు గుర్తుందో లేదో. గుర్తు లేకపోతే నేను వెళ్ళి లేనిపోనిది రేపినట్టవుతుంది."

ఆ మాట అంటున్నప్పుడే అది ఎంత చచ్చు మాటో ఆయనకు తెలుసు.

"గుర్తుంది" అంది భార్య.

"నీకెలా తెలుసు?"

"ఇరవై ఏడేళ్ళుగా మనింట్లో ఉల్లిపాయలు ఎక్కడివనుకుంటున్నారు? వారం వారం ఆమె దగ్గరే కొంటున్నాను. మొదట్లో నాకు అమ్మనంది. మూడు వారాలు వరసగా వెళ్ళి నిలబడితే అప్పుడు ఇచ్చింది."

గ్రాముల గారు తలుపులోంచి ఉల్లిపాయల బుట్ట వంక చూశాడు. ఇంట్లో వంటగదిలోకి ఇంత పెద్ద ధిక్కారం వారం వారం సంచిలో వస్తుంటే, ఊరి మోసాలు పట్టుకున్నానని గోడకు చట్రం కట్టించుకున్నాడు.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెప్పాను. ఆ సాయంత్రమే. పదకొండు రాళ్ళూ ఒకేలా తప్పైతే, పన్నెండోది కూడా చూడండి అన్నాను. 'నీకేం తెలుసు' అన్నారు." ఆవిడ ఉత్తరం చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. "బజార్లో అరిచారు కదండీ. ఇంట్లో కూర్చుని గొణిగితే సరిపోతుందా?"

మర్నాడు పది గంటలకు, టేకు పెట్టె ఒక చేత్తో, త్రాసు సంచి ఇంకో చేత్తో పట్టుకుని ఆయన బస్టాండుకు నడిచాడు. చొక్కా జేబులో తెల్లపొడి పొట్లం. దారిలో ఒకరిద్దరు "సార్ మళ్ళీ డ్యూటీలో చేరారా" అని నవ్వారు. తలూపి నడక పెంచాడు.

ఉల్లిపాయలామె గోనెపట్టా మీద పోగులు సర్దుతోంది. జుట్టు సగానికి పైగా తెల్లబడింది. తలెత్తి చూసింది.

"రండి ఇన్‌స్పెక్టరు గారూ. ఉల్లిపాయలకా? మీ ఆవిడ నిన్ననే తీసుకెళ్ళిందే."

"ఉల్లిపాయలకి కాదమ్మా" అన్నాడు. మూడు రోజులు తయారుచేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. జేబులో పొట్లం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది... నా కిలో రాయి అడుగున ఉంది. పాలిష్. నాలుగు గ్రాములుంది. ఆ రోజు నీ రాయి తప్పు కాదు. నా రాయే తప్పు. ఇన్నాళ్ళూ నాకు తెలీదు. తెలిసి మూడు రోజులైంది. మూడు రోజులూ రావడానికి భయపడ్డాను."

ఆమె పొట్లం విప్పి చూసింది. వేలితో పొడిని ఒకసారి తాకింది. మళ్ళీ మడిచింది.

"నా రాయి సరైనదని నాకు ఆ రోజే తెలుసు. ఇది మీకే కొత్త కబురు, నాక్కాదు" అంది.

"అవును."

"మా ఆయన ఆ సాయంత్రం ఒకే ఒక్కసారి అడిగాడు, 'నిజం చెప్పు, రాయి అరగదీశావా' అని. లేదన్నాను. 'సర్లే' అన్నాడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నమ్మి సర్లే అన్నాడో, నమ్మకుండా సర్లే అన్నాడో నాకు తెలీదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది." ఆమె గొంతు పెరగలేదు. "మీరు నాకు చెప్తే ఏం లాభం? ఆయనకి చెప్పగలరా?"

గ్రాముల గారు బస్టాండు అరుగు అంచున కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. అరవై ఆరేళ్ళ వయసులో, బస్సుల మధ్య, టేకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఏడవడం తన హోదాకు ఎంత మాత్రం తగదని ఒక పక్క అనుకుంటూనే ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. ఆయన జేబురుమాలు వెతుక్కుంటుంటే మాత్రం ఆగింది.

తర్వాత తను కూర్చున్న పీట కిందనుంచి ఒక రేకు డబ్బా తీసింది. అందులో పాత గుడ్డ, గుడ్డలో ఇనప కిలో రాయి. నల్లగా, నిగనిగలాడుతూ, ఎక్కడా తుప్పు లేదు. పైన ఇంటూ గుర్తు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"నెలకోసారి నూనె రాసి తుడిచేదాన్ని. ఎప్పటికైనా ఎవరో ఒకరు తూస్తారని. మీరే వస్తారని మాత్రం అనుకోలేదు. తూచండి" అంది.

ఆయన త్రాసు తీశాడు. రెండుసార్లు దించి మళ్ళీ పట్టుకున్నాడు. ఒక పళ్ళెంలో ఇత్తడి రాయి, ఒక పళ్ళెంలో ఇనప రాయి. త్రాసు ఇటూ అటూ ఊగింది, నిదానించింది, ఆగింది. ముల్లు మధ్యలో నిలబడింది. ఉల్లిపాయలామె ముందుకు వంగి చాలాసేపు ఆ ముల్లునే చూసింది.

"చెప్పండి" అంది.

"సరిగ్గా ఉందమ్మా."

"అలా కాదు. ఆ రోజు ఎలా చెప్పారు?"

ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆరేళ్ళుగా వాడని గొంతు, ముందు కీచుమంది, తర్వాత దారిలో పడింది. "కిలో రాయి! సరిగ్గా ఉంది! చెల్లుతుంది!"

బస్సులో కూర్చున్నవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. "ఏమైంది పెద్దాయనా, ఎవరికి చెల్లుతుంది?" అన్నాడు కండక్టరు.

"ఈమెకి! ఈమె రాయికి! ఇరవై ఏడేళ్ళ కిందట నేను తప్పని చెప్పాను. తప్పు నాది!"

కండక్టరుకు ఏమీ అర్థం కాలేదు, మర్యాదకు తలూపి విజిల్ వేశాడు. బస్సు కదిలింది. ఆమె మొహంలో నవ్వు లాంటిదేమీ లేదు, కానీ వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

"ఒక కిలో ఇవ్వమ్మా" అన్నాడాయన, ఇంకేం చెప్పాలో తెలియక.

ఆమె త్రాసు అందుకుంది. అన్నేళ్ళ తర్వాత పట్టుకున్నా చెయ్యి తడబడలేదు. ఇత్తడి రాయి వేసి, రెండో పళ్ళెంలో ఉల్లిపాయలు వేసుకుంటూ పోయింది. త్రాసు సమానమైంది. అలవాటు చొప్పున ఇంకో ఉల్లిపాయ తీసి పైన వేసింది. పళ్ళెం కిందకు దిగింది. ఆయన నోటిదాకా వచ్చిన "ఎక్కువైంది" అన్న మాటను పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

ఆమే ఆగింది. ఆ ఉల్లిపాయ వంకే చూసింది.

"ఇన్నేళ్ళూ ప్రతి పోగులోనూ ఒకటి ఎక్కువే వేశాను. మంచితనం కాదు. భయం. ఎవరైనా ఇంటికెళ్ళి తూచి మళ్ళీ దొంగ అంటారేమోనని."

ఆ ఉల్లిపాయను వెనక్కి తీసి తన బుట్టలో వేసుకుంది. ముల్లు మధ్యకు వచ్చింది.

"ఇది నాది" అంది.

కిలో ఉల్లిపాయలు సంచిలో పోసుకుని ఆయన త్రాసు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"నా రాయి మీద మీ గుర్తుంది. దాంతో అమ్మితే ఇంకో ఇన్‌స్పెక్టరు వచ్చి అరుస్తాడు. మీ రాయి, మీ త్రాసు ఇక్కడ ఉండనీండి. నా రాయి మీరు తీసుకెళ్ళండి. మీ మేడ మీదకి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారట కదా. వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి చెప్పండి. ఒకళ్ళని కూడా వదలొద్దు."

తను జ్ఞాపకంగా తెచ్చుకున్న ఆ రాయిని ఆమె ముద్ర వేయించుకుని వాడుకోవాలంటే ఏ ఆఫీసులో ఏ కాగితం పెట్టాలో చెప్పబోయాడు. ఆమె చూపు చూసి, ఆ కాగితమేదో తనే పెడతానని ఒప్పుకుని వచ్చేశాడు. పెట్టాడు కూడా, మూడు కాపీలు.

ఇప్పుడు అర మీద టేకు పెట్టెలో కిలో రాయి చోట ఇంటూ గుర్తున్న ఇనప రాయి కూర్చుని ఉంది. కింద చిన్న అట్ట: "ఈ రాయి సరైనది. దీని మీద గుర్తు తప్పు." ప్రశంసాపత్రం తీసేద్దామంటే భార్య ఒప్పుకోలేదు. పక్కపక్కనే ఉంటే గాని కథ పూర్తి కాదంది. సూచనల పుస్తకంలో చించేసిన ముప్ఫై ఎనిమిదో పేరా చోట బస్టాండుకు దారి గీసి ఉంది, ఎర్ర సిరాతోనే.

ప్రతి అతిథికీ, సంచులు దించక ముందే, ఆయన రాయి చేతిలో పెట్టి మొదలుపెడతాడు. పాలిష్ దగ్గర వాళ్ళు నవ్వుతారు, తనూ నవ్వుతాడు. 'సర్లే' దగ్గరకు వచ్చేసరికి ఒక నిమిషం ఆగాల్సి వస్తుంది.

కిందటి వారం వచ్చిన ఒక జంట నాలుగు నక్షత్రాలు వేసి వెళ్ళారు. "అన్నీ బాగున్నాయి. కాకపోతే ఇంటాయన ఒక ఇనప రాయి గురించి మమ్మల్ని నిలబెట్టి నలభై నిమిషాలు చెప్పాడు."

"కాస్త తగ్గించి చెప్పొచ్చు కదండీ" అంది భార్య.

తగ్గించాలనే ప్రతిసారీ చూస్తున్నాడు. ఇరవై ఏడేళ్ళను నలభై నిమిషాల కంటే కుదించడం ఆయనకు చేతకావడం లేదు.